సోమవారం రాత్రి ఎనిమిదిన్నర

2007 నవంబరు 12. ఆ రోజుల్లో బ్రిటన్‌లో సోమవారం రాత్రి ఎనిమిదిన్నర అంటే బీబీసీ వన్‌లో పరిశోధనాత్మక కార్యక్రమం ‘పనోరమా’ వేళ. ఆ రాత్రి కార్యక్రమం ‘వాట్ నెక్స్ట్ ఫర్ క్రెయిగ్?’. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) ఉన్న పిల్లలకు ఇచ్చే మందుల మీద అరగంట. చూసి లేచినవాళ్ళ చెవిలో మిగిలింది ఒకటే: మూడేళ్ళు తిరిగేసరికి ఆ మందులు వాడినా ఒకటే, వాడకున్నా ఒకటేనట. అమెరికావాళ్ళ పెద్ద పరిశోధనే తేల్చిందట.

ఆ ‘ట’ ఉంది చూశారూ, కొంపలు ముంచేది అదే. మర్నాడు పొద్దున పిల్లాడి మాత్ర చేత్తో పట్టుకుని నిలబడ్డ తల్లికి అది చాలు.

చూసినవాళ్ళలో ఒకరికి నిద్ర పట్టలేదు. పేరుతో మనకు పని లేదు. ఆ నిద్రలేని రాత్రి, ఆ బల్ల, ఆ దీపం నేను ఊహించుకున్నవే. ఆ కార్యక్రమం మీద నడిచిన ఫిర్యాదు మాత్రం నిజం. తిట్టుకుంటూ ఉత్తరం మొదలుపెట్టి, సగంలో చింపేసి, అసలు ఆ పరిశోధనలో ఏముందో చూద్దామని పత్రం ముందేసుకుని కూర్చుని ఉంటారు.

దాని పేరు ఎంటీఏ. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వయసు పిల్లలు 579 మంది, నాలుగు గుంపులు. ఒక గుంపుకు పద్ధతి ప్రకారం మందు, ఒకదానికి ప్రవర్తన శిక్షణ, ఒకదానికి రెండూ, నాలుగోదానికి ఊళ్ళో మామూలుగా దొరికే వైద్యం. 14 నెలలు అలా నడిచింది. 1999లో ఫలితాలు వచ్చినప్పుడు, పద్ధతిగా మందు అందిన పిల్లలు ముందున్నారు. 2007 ఆగస్టులో మూడేళ్ళ లెక్క వెలువడింది. గుంపుల మధ్య తేడా చెరిగిపోయింది.

టీవీ బండి ఇక్కడే ఆగింది. పట్టిక మీద వేలు పెట్టి చదివితే కథ ఇంకా ఉంది. 14 నెలలు దాటాక పిల్లల్ని ఎవరూ గిరి గీసి నిలబెట్టలేదు. ఎవరికి ఏ వైద్యం కుదిరితే అది. ఒట్టి శిక్షణతో మొదలైన గుంపులో మందు ఎక్కువ రోజులు వాడేవాళ్ళు 14 శాతం నుంచి 45కు పెరిగారు. మందుతో మొదలైన గుంపుల్లో 91 నుంచి 71కు దిగారు. ఏ వైద్యమూ లేకుండా వదిలేసిన గుంపంటూ మొదట్నుంచీ లేనేలేదు. పైగా నాలుగు గుంపుల పిల్లలూ మొదటికంటే మెరుగయ్యారు. పాలలో నీళ్ళు, నీళ్ళలో పాలు పోసేశాక రెండు గిన్నెలూ రుచి చూసి, పాలకు రుచే లేదు పొమ్మంటే?

మందులకు జై కొట్టిన పరిశోధన అనీ అనలేం. మందు వాడిన పిల్లలు ఎత్తులో సుమారు 2 సెంటీమీటర్లు వెనకబడ్డారని చెప్పిందీ ఇదే. ఫిర్యాదుకు బలం అక్కడే వచ్చిందని నాకనిపిస్తుంది. మందులు మంచివా చెడ్డవా అన్న తగువు పెట్టుకుంటే బీబీసీ దగ్గర వంద జవాబులుంటాయి. పత్రంలో ఉన్నది తెర మీద ఉన్నదున్నట్టు చెప్పారా, లేదా? దీనికి రెండే జవాబులు.

అప్పట్లో బీబీసీలో ఫిర్యాదంటే మెట్లెక్కడం. ముందు కార్యక్రమంవాళ్ళు, ఆపైన ఎడిటోరియల్ కంప్లెయింట్స్ యూనిట్, అక్కడా తృప్తి కలగకపోతే బీబీసీ ట్రస్టులో సంపాదకీయ ప్రమాణాల కమిటీ. ఈ ఫిర్యాదు చివరి మెట్టుదాకా వెళ్ళింది. 2010లో కమిటీ తేల్చింది: పరిశోధన ఫలితాలను కార్యక్రమం సరిగ్గా చెప్పలేదు, తప్పును తెర మీదే ఒప్పుకోవాలి. అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆ రాత్రి ఎనిమిదేళ్ళున్న పిల్లాడికి పదేళ్ళు నిండాయి. మాత్ర మానేశాడో, వేసుకుంటున్నాడో.

2023 మే 15. మళ్ళీ పనోరమా, మళ్ళీ సోమవారమే. ఈసారి తగువు రోగనిర్ధారణ మీద. ఒకే విలేకరిని వీడియో కాల్‌లో చూసి మూడు ప్రైవేటు క్లినిక్కులు ఏడీహెచ్‌డీ ఉందన్నాయి, ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ నిపుణుడు మూడు గంటలు పరీక్షించి లేదన్నాడు. నిజంగా నిర్ధారణ అయినవాళ్ళనూ జనం ఇక అనుమానంగా చూస్తారని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. బీబీసీ తన మాట మీదే నిలబడింది. ట్రస్టు 2017లోనే మూతపడింది కాబట్టి, పై మెట్టు ఇప్పుడు ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్. జనం చూపు మారుతుందన్నదానికి మాత్రం, వేలు పెట్టి చూపడానికి పట్టిక లేదు.