ప్లేస్టేషన్ తాళం, ఎనిమిది కాళ్ల చిప్

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక చిన్న చిప్ కథ చెప్పుకుందాం. చూస్తే గోరంత ఉంటుంది, అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం ఎనిమిది కాళ్లు. కానీ ఈ గోరంత చిప్ మీద గొడవ ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. దీని పేరు మాడ్‌చిప్. ఇది దొంగల పనిముట్టా, లేక కొన్న వస్తువు మీద కొన్నవాడికి ఉండే హక్కా? అదే ఈరోజు మన ప్రశ్న.

కాస్త వెనక్కి వెళ్దాం. 1994 డిసెంబర్ 3న జపాన్‌లో సోనీ మొదటి ప్లేస్టేషన్ రిలీజ్ చేసింది. అప్పటిదాకా ఎక్కువ గేమ్స్ కార్ట్రిడ్జ్‌లలో వచ్చేవి. మన దగ్గర వాటినే క్యాసెట్ అనేవాళ్లం. అవి తయారు చేయడం ఖర్చు, ఇంట్లో కాపీ చేయడం కష్టం. సోనీ సీడీని ఎంచుకుంది. సీడీ చవక, పైగా బోలెడంత డేటా పడుతుంది. అయితే ఒక చిక్కు ఉంది. కొన్నేళ్లకే సీడీ రైటర్లు ఇళ్లలోకి వచ్చేశాయి. మరి ఎవడైనా కాపీ కొట్టేయొచ్చు కదా?

అందుకే సోనీ ఇంజనీర్లు డిస్క్‌లోనే ఒక తాళం పెట్టారు. ప్లేస్టేషన్ డిస్క్ అడుగు నల్లగా ఉంటుంది కాబట్టి, ఆ నలుపే తాళం అని చాలామంది అనుకున్నారు. కాదు, అది కేవలం రంగు. అసలు తాళం డిస్క్ లోపలి అంచు దగ్గర, గేమ్ డేటా మొదలవడానికి ముందు ఉంటుంది. అక్కడ ట్రాక్ కావాలనే కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగడంలో నాలుగు అక్షరాలు దాచారు. జపాన్ డిస్క్‌కి ఎస్‌సీఈఐ, అమెరికా డిస్క్‌కి ఎస్‌సీఈఏ, యూరప్ డిస్క్‌కి ఎస్‌సీఈఈ. కన్సోల్ ఆన్ అవగానే ముందు ఈ అక్షరాలు వెతుకుతుంది. తన ప్రాంతం అక్షరాలు దొరికితేనే గేమ్ నడుస్తుంది.

ఇంట్లో సీడీ రైటర్‌తో కాపీ తీస్తే ఏమవుతుంది? డేటా మొత్తం వస్తుంది. కానీ ఆ ఊగడం డేటా కాదు, ట్రాక్ ఆకారం. ఖాళీ సీడీలో ట్రాక్ దారి ఫ్యాక్టరీలోనే గీసేసి ఉంటుంది. రైటర్ ఆ దారిలోనే రాయాలి, కొత్త దారి గీయలేదు. నోటుని జిరాక్స్ తీస్తే బొమ్మంతా వస్తుంది, వాటర్‌మార్క్ మాత్రం రాదు కదా, అలాగన్నమాట.

ఇక్కడే మాడ్‌చిప్ ఎంటరవుతుంది. మార్కెట్లో చవగ్గా దొరికే మామూలు మైక్రోకంట్రోలర్ తీసుకుని, కొన్ని వైర్లతో కన్సోల్ లోపల సోల్డర్ చేసేవాళ్లు. కన్సోల్ అక్షరాల కోసం చూసినప్పుడు, డిస్క్ బదులు ఈ చిప్పే ఆ అక్షరాలు పంపిస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరు?" అంటే, బయటివాడు నోరు తెరవకముందే లోపలి నుంచి ఒకడు "మనవాడేలే" అన్నట్టు.

గేమ్ తయారుచేసేవాళ్లు ఊరుకోలేదు. తొలి చిప్‌లు ఆ అక్షరాలను ఆపకుండా పంపుతూనే ఉండేవి. కొత్త గేమ్స్, డిస్క్‌లో అసలు అక్షరాలు ఉండకూడని చోట కూడా చెక్ చేయడం మొదలుపెట్టాయి. అక్కడా వినిపిస్తే, లోపల చిప్ ఉందని దొరికిపోయినట్టే. దాంతో స్టార్టింగ్‌లో మాత్రమే మాట్లాడి, తర్వాత నోరు మూసుకునే స్టెల్త్ చిప్‌లు వచ్చాయి. 2000లో వచ్చిన స్పైరో మూడో గేమ్ అయితే ఇంకో అడుగు వేసింది. ఎవరైనా గేమ్ కోడ్‌లో మార్పులు చేస్తే, అది వెంటనే ఆగిపోదు. ఆడుతుండగా మెల్లమెల్లగా చెడిపోతుంది. తమ కష్టం కాపాడుకోవడానికి డెవలపర్లు అంత శ్రమపడ్డారు. ఆ మాట కూడా మర్చిపోకూడదు.

కానీ జాగ్రత్తగా చూడండి. ఆ నాలుగు అక్షరాలు ఒకేసారి రెండు పనులు చేస్తున్నాయి. ఒకటి, కాపీ డిస్క్‌ని ఆపడం. రెండోది, టోక్యోలో డబ్బు పెట్టి కొన్న ఒరిజినల్ డిస్క్‌ని సిడ్నీలో ఆడకుండా ఆపడం. మొదటిది దొంగతనం మీద కాపలా. రెండోది? ఏ దేశంలో ఏ గేమ్, ఎప్పుడు, ఎంతకి అమ్మాలో కంపెనీయే నిర్ణయించుకోవడం.

సిడ్నీలో ఎడ్డీ స్టీవెన్స్ అనే వ్యక్తి ఈ చిప్‌లు అమ్మి, బిగించేవాడు. సోనీ కేసు వేసింది. 2002లో ఫెడరల్ కోర్టులో చిప్‌ల విషయంలో సోనీ ఓడింది. ఆ కేసులో ఆస్ట్రేలియా పోటీ, వినియోగదారుల కమిషన్ కూడా జోక్యం చేసుకుని, ప్రాంతాల తాళం వల్ల కొనేవాళ్లకి నష్టమని వాదించింది. 2003లో అప్పీలులో సోనీ గెలిచింది. చివరికి 2005 అక్టోబర్ 6న హైకోర్టు, అంటే ఆ దేశంలో అన్నిటికంటే పైనున్న కోర్టు, ఏకగ్రీవంగా స్టీవెన్స్ వైపు తీర్పు చెప్పింది.

వాళ్ల లాజిక్ ఏంటంటే, చట్టం కాపాడేది కాపీ చేయడాన్ని అడ్డుకునే తాళాన్ని. ప్లేస్టేషన్ తాళం కాపీ చేయడాన్ని అడ్డుకోవట్లేదు. సీడీ ఎవరైనా కాపీ చేసుకోగలరు. తయారైన కాపీ ఆడకుండా మాత్రమే అది ఆపుతుంది. మరి ఆడుతున్నప్పుడు కన్సోల్ మెమరీలోకి గేమ్ వస్తుంది కదా, అదీ కాపీయే కదా అని సోనీ వాదించింది. ఒక్కో క్షణంలో మెమరీలోకి వచ్చే చిన్న ముక్కని చట్టం చెప్పే కాపీగా లెక్కపెట్టలేం అంది కోర్టు.

అయితే కథ అక్కడ ఆగలేదు. అమెరికాతో చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ప్రకారం ఆస్ట్రేలియా 2006లో చట్టం మార్చింది. కాపీకే కాదు, వాడకానికి అడ్డుపడే తాళాలకి కూడా రక్షణ ఇచ్చింది. కానీ ఒక మినహాయింపు పెట్టింది. విదేశంలో కొన్న ఒరిజినల్ గేమ్‌ని, సినిమాని ఆస్ట్రేలియాలో ఆడనివ్వకుండా ఆపే ప్రాంతాల తాళానికి ఆ రక్షణ లేదు. అంటే స్టీవెన్స్ కేసులో బయటపడ్డ ఆ రెండు పనుల్ని చట్టమే విడదీసింది.

మన దేశంలో? 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 65ఎ సెక్షన్ వచ్చింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం దాటితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అక్కడ కీలకమైన మాట "ఉద్దేశం". తాళం ఎలా తీశారన్నదే కాదు, ఎందుకు తీశారన్నదీ చూడాలని ఆ మాట అర్థం.

అందుకే ఎప్పుడైనా మీ ఫోన్‌లోనో, కన్సోల్‌లోనో "ఈ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని వస్తే ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ తాళం గేమ్ చేసినవాళ్ల కష్టాన్ని కాపాడుతోందా, లేక అమ్మేవాళ్ల మార్కెట్‌ని కాపాడుతోందా? మొదటిదైతే గౌరవిద్దాం. రెండోదైతే, ప్రశ్న అడిగే హక్కు డబ్బు పెట్టి కొన్న మనకి ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.