ఎవరి రికార్డులు? ఎవరి లాభాలు?

1994లో అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మె చేశారు. జీతాలకు గరిష్ఠ పరిమితి విధించాలని యజమానులు పట్టుబట్టడమే దానికి ప్రధాన కారణం. ఆ ఏడు వరల్డ్ సిరీస్ జరగనేలేదు. విసిగిపోయిన ప్రేక్షకులను మళ్లీ మైదానాలకు రప్పించింది 1998 నాటి హోమ్‌రన్‌ల హోరు. 1961లో రోజర్ మారిస్ నెలకొల్పిన 61 రికార్డును మార్క్ మెక్‌గ్వయర్ 70తో, సామీ సోసా 66తో దాటారు. 2001లో బారీ బాండ్స్ 73 కొట్టాడు.

కండల వెనుక మందులున్నాయన్న అనుమానం అప్పుడే ఉంది. అయినా శిక్షలతో కూడిన పరీక్షలు 2004 దాకా రాలేదు. ఆటగాళ్ల సంఘం కూడా పరీక్షలను చాలాకాలం ప్రతిఘటించిన మాట నిజమే. కాని టిక్కెట్లు అమ్ముడవుతున్నంతకాలం యజమానులకు నీతి గుర్తురాలేదు. బాధ్యత అందరిదీ అని 2007లో మిచెల్ నివేదిక తేల్చింది.

శిక్ష మాత్రం అందరికీ పడలేదు. 2022లో బాండ్స్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ ద్వారం పదోసారీ మూసుకుంది. ఆ కాలమంతా ఆటను ఏలిన కమిషనర్ బడ్ సెలిగ్ 2017లోనే అందులో సగౌరవంగా ప్రవేశించాడు.

ఆటగాడి తప్పు తప్పే. అయితే అతని రికార్డు పక్కన చుక్కగుర్తు పెట్టమనే చరిత్రకారుడు, యజమానుల లాభాల లెక్కల పక్కన కూడా అదే గుర్తు పెట్టాలి.