చేపల పడవలు – సర్కారు సాయం – ఆడవాళ్ళ కూలి



బజారులో రొయ్యలు బేరమాడేటప్పుడు మనకి కనిపించేది గంపా, తక్కెడా, ఎదురుగా కూర్చున్న మనిషీ. ఆ రొయ్య వెనకాల సర్కారు సొమ్ము కూడా ఉందంటే నమ్ముతారా? పడవ కొనడానికి సబ్సిడీ, ఇంజనుకి సబ్సిడీ, డీజిలుకీ కిరసనాయిలుకీ రాయితీ, ఇవన్నీ కలిసే ఆ రొయ్య గట్టుకి చేరుతోంది. అయితే ఇల్లు నడుపుకునే మనకి ఒక సంగతి బాగా తెలుసు. డబ్బు ఎంత ఇచ్చామన్నది ఒక ఎత్తు, ఎవరి చేతికిచ్చామన్నది మరో ఎత్తు. సముద్రం మీద పెట్టిన డబ్బు ఎవరి చేతికి వెళ్ళింది, ఎవరికి పని దొరికింది, ఎవరికి పోయింది? ఇది తెలుసుకోవాలంటే కేరళ తీరం కథ వినాలి.

1952 అక్టోబరులో భారత ప్రభుత్వం, నార్వే ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. మరుసటి ఏడు కొల్లం పక్కనున్న నీండకర, శక్తికుళంగర, పుత్తన్‌తుర గ్రామాల్లో పని మొదలయింది. అప్పటికి కేరళ రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు, అది తిరువాన్కూరు-కొచ్చిన్. బీద పల్లెకారుల బతుకు బాగుచెయ్యాలన్నదే అసలు ఉద్దేశం. వాళ్ళ నాటు పడవలకే ఇంజన్లు బిగిద్దామనుకున్నారు. కానీ దుంగ తొలిచి చేసిన ఆ పడవలకి ఇంజను అతకలేదు. దాంతో కొత్తరకం మరపడవలు కట్టించి, సబ్సిడీ మీద, అప్పుమీద ఇవ్వసాగారు. వాటితోపాటు ఐసు ఫ్యాక్టరీ, ఆరోగ్య కేంద్రం, మంచినీళ్ళ కుళాయిలు కూడా వచ్చాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1953లో, కొచ్చిన్ నుంచి గడ్డకట్టించిన రొయ్యలు అమెరికాకి ఎగుమతి కావడం మొదలయింది. అంతకుముందు రొయ్యంటే చవక సరుకు. ఎండబెట్టి అమ్ముకునేవారు. అమెరికా గిరాకీతో దాని దశ తిరిగింది. సముద్రం అడుగును ఊడ్చుకొచ్చే ట్రాలు వల రొయ్యకి బాగా పనికొస్తుంది. దాన్ని లాగడానికి మరపడవ కావాలి. ఇంకేముంది! పల్లెకారుల కూడుకోసం మొదలైన పథకం కాస్తా రొయ్యల ఎగుమతి వైపు మళ్ళిపోయింది. ఏనాడూ వల పట్టని షావుకార్లు కూడా పడవలు కొన్నారు. 1972లో నార్వేవాళ్ళు పథకాన్ని మనకి అప్పగించి వెళ్ళిపోయారు.

మరి ఆడవాళ్ళ మాటేమిటంటారా? అసలు కథ అక్కడే ఉంది. వెనకటి రోజుల్లో నూలు వలలు ఇళ్ళల్లో ఆడవాళ్ళు అల్లేవారు. నైలాను వచ్చి, మిషను మీద అల్లిన వలలు వచ్చాక ఆ పని పోయింది. వెనక మగవాడు తెచ్చిన చేప ఊరి గట్టునే ఇల్లాలి గంపలో పడేది. ఇప్పుడు పెద్ద పడవలన్నీ ఒకేచోట రేవుకి చేరతాయి, అక్కడ వేలం పాట. ఐసూ, లారీ ఉన్న వర్తకుడితో గంప పట్టుకున్న మనిషి పోటీ పడాలి. కొత్తగా దొరికిన పని రొయ్య ఒలవడం. షెడ్లలో గంటలకొద్దీ కూర్చుని, ఐసులో మునిగిన రొయ్యల్ని ఒలవాలి. వేళ్ళు పుండ్లు పడతాయి. కూలి గిన్నె లెక్కన. నెల జీతం ఎక్కడిది? అయినా ఆ గిన్నెల కూలితోనే ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది. కాబట్టి అదంతా చెడని నేననను. ఇంజనుకి సబ్సిడీ లెక్క ఉంది, ఆ వేళ్ళకి మాత్రం ఏ లెక్కా లేదు. అదీ నా బాధ.

పోనీ, సముద్రమైనా నిండుగా ఉందా? కేరళలో 1973లో పట్టిన చేప సుమారు 4 లక్షల 48 వేల టన్నులు. 1980 నాటికి అది 2 లక్షల 79 వేల టన్నులకి దిగింది. పడవలు పెరిగాయి, చేప తగ్గింది. వానాకాలం చాలా చేపలకి గుడ్లు పెట్టే కాలం. అప్పుడు కూడా అడుగు ఊడ్చేస్తే ఇంకేం మిగులుతుంది? నాటు పడవలవాళ్ళు తిరగబడ్డారు. 1980లో కేరళ ప్రభుత్వం సముద్రంలో వేటకి హద్దులు పెడుతూ చట్టం చేసింది. 1984 ఉద్యమంలో క్రైస్తవ సన్యాసినులు నిరాహార దీక్షలకి కూర్చున్నారు. పల్లె ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. తిరువనంతపురంలో చేపల గంపలతో బస్సు ఎక్కనివ్వడం లేదని పోరాడి, తమకోసం వేరే బస్సులు సాధించుకున్నారు. చివరికి 1988 నుంచి వానాకాలంలో ట్రాలు వలల మీద నిషేధం వచ్చింది.

చిత్రం చూడండి. మొదట వేటాడమని డబ్బిచ్చారు. తరవాత చేప కరువై, కొన్నాళ్ళు వేట ఆపమని డబ్బివ్వాల్సి వచ్చింది. మన తీరమూ అదే దారిన నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 1994లో సముద్ర వేట చట్టం వచ్చింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతున్నారు. ఆ రోజులకి మత్స్యకారులకిచ్చే భృతి 2019లో 10 వేల రూపాయలైంది, 2025లో 20 వేలకి పెరిగింది. మంచిదే. అయితే ఆ భృతి పడవెక్కి వేటకి వెళ్ళేవారిని లెక్కలోకి తీసుకుని ఇచ్చేది. ఆ 61 రోజులూ రేవులో చేప దిగకపోతే గంపావిడకీ బేరం ఉండదు, చేపలు ఎండబెట్టే ఆవిడకీ పనుండదు. కేరళలో నిషేధం రోజుల్లో పడవ కూలీలతోపాటు రొయ్య ఒలిచే కూలీలకి కూడా ఉచిత రేషను ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఆ ఆలోచన మన దగ్గర ఎందుకు పనికిరాదు?

నార్వే పథకం మీద పండితులు ఈనాటికీ వాదించుకుంటారు, కానీ అందులో తగువు లేనివి రెండున్నాయి: మంచినీళ్ళ కుళాయి, ఆరోగ్య కేంద్రం. ఆ రెండూ ఆడవాళ్ళకీ, పసిపిల్లలకీ నేరుగా అందిన సాయం. రేవులో గంపలు దింపుకోడానికి నీడ, తక్కువ ధరకి ఐసు, గంపతో ఎక్కనిచ్చే బస్సు, ఒలుపు షెడ్డులో చేతితొడుగులు... ఇవి కూడా సబ్సిడీలే కదూ! ఇంజనుకయ్యే ఖర్చుతో పోలిస్తే ఇవెంత?

ఈసారి మీ వీధిలోకి చేపల గంప వచ్చినప్పుడు రూపాయి తగ్గించమని అడగండి, అది మన హక్కే. కానీ వేట ఆగిన రోజుల్లో ఆవిడ ఇల్లెలా గడుస్తుందో కూడా ఒక్కమాట అడగండి. ఆ జవాబు విన్నాక, సబ్సిడీ ఎవరికి చేరాలో మనకి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.