లోహ–హైడ్రోజన్ ప్రయోగాల్లో అదనపు ఉష్ణం

పల్లేడియం, నికెల్ వంటి లోహాల్లోకి హైడ్రోజన్‌నో డ్యుటీరియాన్నో ఎక్కించినప్పుడు, ఇచ్చిన శక్తిని మించి వెలువడిందని చెప్పే వేడి ఇది. 1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లైష్‌మన్, స్టాన్లీ పాన్స్ దీన్ని కేంద్రక సంలీనమని ప్రకటించారు. కోల్డ్ ఫ్యూజన్ అన్న పేరు స్థిరపడింది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు అదే ఏడాది, సంలీనానికి గుర్తుగా భావించే ట్రిటియం కనబడిందన్నారు. హైదరాబాద్ అంకుర సంస్థ హైలెనర్ 2024 జులైలో తన పరికరాన్ని ప్రదర్శించి, 100 వాట్ల విద్యుత్తుకు 150 వాట్ల వేడి వచ్చిందని ప్రకటించింది.

రెండు డ్యుటీరియం కేంద్రకాలు కలిస్తే దాదాపు సగం సార్లు న్యూట్రాన్ వెలువడాలి. వాట్ల కొద్దీ వేడికి తగినన్ని న్యూట్రాన్లు వచ్చి ఉంటే పక్కన నిలబడ్డవారి ప్రాణాలకే ముప్పు. అంతటి ప్రవాహం ఎవరూ చూపలేదు కాబట్టి ముందు శంకించవలసింది కొలతనే. విద్యుద్విశ్లేషణతో చేసే ప్రయోగాల్లో విడిపోయిన హైడ్రోజన్, ఆక్సిజన్ ఘటంలోనే తిరిగి కలిస్తే ఆ వేడి అదనంగా లెక్కకొస్తుంది. లోహం హైడ్రోజన్‌ను పీల్చుకునేటప్పుడూ వేడి పుడుతుంది. వాయు ప్రయోగాల్లో చిక్కు మరొకటి: హైడ్రోజన్ ఉష్ణవాహకత గాలికి సుమారు ఏడు రెట్లు. లోపలి వాయువు మారగానే ఉష్ణమాపక క్రమాంకనం చెల్లకుండా పోతుంది. గూగుల్ నిధులతో సాగిన పరిశోధన ఫలితాలు 2019లో నేచర్ పత్రికలో వచ్చాయి. అందులో కోల్డ్ ఫ్యూజన్‌కు ఆధారం దొరకలేదు.