మాంటిచెల్లో వంటిల్లు

ఈ దేశం వచ్చినవాళ్ళందరి జేబుల్లోనూ ఒక ఇల్లుంటుంది. ఐదు సెంట్ల నాణెం చూడండి. ఒకవైపు థామస్ జెఫర్సన్ మొహం, రెండోవైపు గుమ్మటం ఉన్న భవనం. మధ్యలో ఒకటి రెండేళ్ళు తప్ప 1938 నుంచీ ఆ ఇంటి బొమ్మే వేస్తున్నారు. 1998లో నేను రిచ్‌మండ్ వచ్చిన కొత్తలో లాండ్రీకి చిల్లర లెక్కపెట్టుకునేటప్పుడు ఆ బొమ్మ చూసి ఏదో గుడో, కోర్టో అనుకున్నాను. అది మాకు గంటన్నర దూరంలో, షార్లట్స్‌విల్ పక్కన కొండమీద ఉన్న జెఫర్సన్ సొంత ఇల్లని తెలియడానికి ఏడాది పట్టింది.

అమ్మా నాన్నా మొదటిసారి వచ్చింది 2003 వేసవిలో. ఇండియా నుంచి పెద్దవాళ్ళొస్తే మనం తిప్పే చోట్లు మీకు తెలిసినవే. నయాగరా, న్యూయార్కు, వైట్‌హౌస్, పిట్స్‌బర్గ్ వెంకన్న. అవన్నీ అయిపోయాక ఆగస్టులో ఒక శనివారం మిగిలింది. పులిహోర, పెరుగన్నం కట్టుకుని మాంటిచెల్లో బయల్దేరాం. నేనప్పటికే రెండుసార్లు చూశాను కాబట్టి, గైడు నోరు విప్పకముందే తెలుగులో చెప్పేసేంత ఉత్సాహంగా ఉన్నాను.

ఉత్సాహం ఎందుకంటే, ఇంజనీరన్నవాడికి ఆ ఇల్లు పెద్ద ఆటబొమ్మ. జెఫర్సన్ 1768లో కొండ నెత్తిన నేల చదును చేయించడం మొదలుపెట్టి, కట్టి, సగం పడగొట్టి, మళ్ళీ పెంచి, 1809 దాకా నలభై ఏళ్ళు ఆ ఇంటితోనే కాపురం చేశాడు. వాకిట్లోకి అడుగుపెట్టగానే పెద్ద గడియారం. దాని బరువులు ఫిరంగిగుండ్లలా గోడ వెంట కిందికి దిగుతూ ఏ వారమో చూపిస్తాయి. వారం మొత్తానికి గోడ ఎత్తు చాలక నేలకి కన్నం పెట్టారు. శనివారం కింద నేలమాళిగలో వస్తుంది! పడగ్గదికీ చదువుకునే గదికీ మధ్య గోడలో మంచం. ఇటు దిగితే బట్టలు, అటు దిగితే పుస్తకాలు. ఒక కలంతో రాస్తుంటే పక్కనే రెండో కలం అదే ఉత్తరానికి నకలు రాసే యంత్రం. లెక్కల మేష్టారుగా రిటైరైన మా నాన్న దాని దగ్గర్నుంచి కదల్లేదు.

భోజనాల గదిలో పొయ్యిగూడుకి రెండు పక్కలా చిన్న తలుపులున్నాయి. తీస్తే లోపల చిన్న లిఫ్టులాంటి పెట్టె. కింద సారాయి కొట్లోంచి సీసాలు అందులో పైకొచ్చేవి. గది బయటి నడవా వైపు ఇంకో తలుపు, దాని వీపున అరలు. వంటకాలు అరల్లో పెట్టి తలుపు తిప్పితే గదిలోకి వస్తాయి, తిన్న పళ్ళేలు పెట్టి తిప్పితే బయటికి పోతాయి. నేనిదంతా గొప్పగా వివరిస్తుంటే మా అమ్మ ఆ తలుపుని కాసేపు చూసి అంది:

"అన్నం రావాలిగానీ తెచ్చే మనిషి కనపడకూడదన్నమాట."

తర్వాత అడిగింది: "ఇంతకీ వంటిల్లేదిరా? ఇంతమందికి వండిందెవరు?"

రెండుసార్లు చూసొచ్చిన నాకు ఆ ప్రశ్న తట్టలేదు. బరువుల లెక్క అడిగాను, గుమ్మటం కొలత అడిగాను. వండిందెవరని అడగలేదు.

వంటిల్లు కనపడకుండా కట్టాడాయన. ఇంటికి రెండు పక్కలా చాచిన చేతుల్లా మిద్దెలుంటాయి. వాటిమీద షికారు చెయ్యొచ్చు. కొండవాలులో వాటికింద వంటిల్లు, పాలగది, పనివాళ్ళ గదులు. అక్కణ్ణుంచి ఇంటి కిందగా ఒక సొరంగంలాంటి నడవా. లాన్‌లో కూర్చున్న అతిథికి పొగా, మసీ, చెమటా ఏవీ కనపడవు. ఇంటికొచ్చాక పుస్తకాలు తెచ్చుకుని చదివాను. మా అమ్మ అడిగిన దానికి జవాబు నాకు తెలిసింది అప్పుడే.

జెఫర్సన్ 1784లో పారిస్ వెళ్తూ జేమ్స్ హెమింగ్స్ అనే బానిస కుర్రాణ్ణి ఫ్రెంచి వంట నేర్పించడానికి వెంట తీసుకెళ్ళాడు. ఫ్రాన్సులో బానిసత్వం చెల్లదు, కోర్టుకి వెళ్ళుంటే అతనక్కడే స్వేచ్ఛ పొందేవాడు. వెళ్ళలేదు, 1789లో తిరిగొచ్చాడు. 1793లో జెఫర్సన్ ఒక కాగితం రాసిచ్చాడు: నీ విద్య ఇంకొకరికి నేర్పితే విడుదల చేస్తాను అని. జేమ్స్ తన తమ్ముడు పీటర్‌కి నేర్పాడు. అంటే తను బయటపడటానికి తమ్ముణ్ణి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. 1796లో వెళ్ళిపోతూ వంటింటి సామానంతా తన చేత్తో జాబితా రాసిచ్చాడు, ఆ కాగితం ఇప్పటికీ ఉంది. 1801లో ఆత్మహత్య చేసుకున్నాడు.

తర్వాత ఆ వంటిల్లు ఈడిత్ ఫాసెట్ చేతికొచ్చింది. జెఫర్సన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆవిడకి వాషింగ్టన్‌లో ఫ్రెంచి వంటవాడి దగ్గర తర్ఫీదిప్పించారు. మాంటిచెల్లో విందుల గురించి అతిథులు మెచ్చుకుంటూ రాసినవన్నీ ఆవిడ చేతి రుచే. ఆవిడ సంగతి మళ్ళీ చెప్తాను.

ముందు తోట. ఇంట్లో మొహమాటంగా నడిచిన అమ్మకి తోటలోకి రాగానే ప్రాణం లేచొచ్చింది. కొండకి దక్షిణం వైపున వెయ్యి అడుగుల పొడవు మెట్టు చెక్కి, రాతిగోడ పోసి, రెండెకరాల కూరగాయల తోట వేశారు. ఎర్రమట్టి, ముందు దిగువన పళ్ళచెట్లు, అవతల నీలంగా కొండలు. జెఫర్సన్ ఇక్కడ మూడువందల ముప్ఫై రకాల కూరగాయలు పెంచాడు. ఏ గింజ ఏ రోజు నాటాం, ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు బల్లమీదకొచ్చింది, 1766 నుంచి 1824 దాకా పుస్తకంలో రాసుకున్నాడు. "చచ్చిపోయింది" అని కూడా నిజాయితీగా రాసేవాడు. బఠాణీలంటే ప్రాణం. ఎవరి తోటలో ముందు కాస్తే వాళ్ళు మిగతావాళ్ళకి విందు చెయ్యాలని ఇరుగుపొరుగు రైతులతో పందెం. ఏటా నెగ్గే పొరుగాయన చిన్నబుచ్చుకుంటాడని, ఒకసారి తనకే ముందు కాసినా చెప్పకుండా ఊరుకున్నాడట. ఆ మనిషిని ద్వేషించడం అంత తేలిక కాదు, అదే ఇబ్బంది.

"బెండకాయలు ముదిరిపోతున్నాయి, కోసేవాళ్ళు లేరా?" అంది అమ్మ. వంకాయలున్నాయి, నువ్వుచేను ఉంది. నువ్వుల్నీ బెండనీ ఈ నేలకి తెచ్చింది బానిస ఓడల్లో వచ్చిన ఆఫ్రికావాళ్ళు. జెఫర్సన్‌కి నువ్వులనూనె నచ్చి గానుగ ప్రయత్నాలు కూడా చేశాడు. తోట మధ్యలో పందిరికి ఊదారంగు పూలతో అల్లుకున్న తీగ దగ్గర ఆగి అమ్మ కాయ విరిచి వాసన చూసింది (విరవకూడదు, నేను అటూ ఇటూ చూశాను). "ఇది మన చిక్కుడేరా!" నిజంగా చిక్కుడే. జెఫర్సన్ వేసినట్టు దాఖలా లేదుగానీ, ఆయనకి విత్తనాలు పంపే ఫిలడెల్ఫియా వర్తకుడు మెక్‌మాన్ 1804లో అమ్మకానికి పెట్టాడు. దుకాణంలో ఒక పొట్లం కొనుక్కున్నాం.

ఈ తోట మెట్టు చెక్కడానికి ఆరులక్షల ఘనపుటడుగుల మట్టి కదిలించారు. యంత్రాల్లేవు. పారలు, బళ్ళు, అద్దెకి తెచ్చిన ఏడుగురు బానిసలు, మూడేళ్ళు. ఇంకో చిత్రమేమిటంటే, ఇంత తోట ఉండీ ఆ ఇంటికి కూరగాయలు చాలేవి కావు. జెఫర్సన్ మనవరాలు 1805 నుంచి 1808 దాకా రాసిన పద్దుల్లో, బానిసల దగ్గర కొన్న దోసకాయలు, క్యాబేజీలు, కోళ్ళు, గుడ్లు లెక్కలున్నాయి. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా దొర పొలంలో చేసి, చీకట్లో తమ గుడిసెల వెనక పాదులు పెట్టుకున్నవాళ్ళ పంట అది.

మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో రాసిన ఈయన జీవితకాలంలో ఆరువందల పైచిలుకు మందికి యజమాని. ఏ కాలంలో చూసినా ఈ కొండమీద నూట ముప్ఫై మంది దాకా ఉండేవాళ్ళు. బతికుండగా ఇద్దరికి విడుదల పత్రం ఇచ్చాడు, వీలునామాలో ఐదుగురికి. 1826 జూలై 4న, తను రాసిన ప్రకటనకి సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన రోజున పోయాడు. లక్ష డాలర్ల పైన అప్పు. తోటమాలి వర్మ్‌లీ హ్యూస్ గొయ్యి తవ్వాడు. ఆర్నెల్లు తిరగ్గానే, 1827 జనవరి చలిలో, ఆ ఇంటి ముందే నూట ముప్ఫై మంది బానిసల్ని వేలానికి పెట్టారు. హ్యూస్‌ని జెఫర్సన్ కూతురు వదిలేసింది, అతని భార్యాపిల్లల్ని వేలం వేశారు. వంటమనిషి ఈడిత్ భర్త జోసెఫ్ ఫాసెట్ కమ్మరి, వీలునామాలో స్వేచ్ఛ దొరికిన ఐదుగురిలో ఒకడు. అతను స్వేచ్ఛాజీవిగా నిలబడి ఉండగా ఈడిత్‌నీ పిల్లల్నీ అమ్మారు. పదకొండేళ్ళ కొడుకు పీటర్ వేరే యజమానికి పోయాడు. చాలా ఏళ్ళకి విడుదలై, సిన్సినాటీలో చర్చి పాస్టరై, 1900లో ముసలితనంలో మాంటిచెల్లో చూడటానికొచ్చాడు. ఈసారి ముందు గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళారు.

ఇవన్నీ మనకి ఎలా తెలుసు? ఆ జెఫర్సనే రాసిపెట్టాడు కాబట్టి. పేరు, పుట్టిన ఏడు, తల్లి ఎవరు, ఎన్ని గజాల బట్ట ఇచ్చాం, ఎన్ని చేపలిచ్చాం. మేకుల కొలిమిలో పదేళ్ళ పిల్లలకి ఎంత ఇనుము ఇస్తే ఎన్ని మేకులొచ్చాయో రోజూ లెక్క.

ఆ సంగతి చెప్తున్నప్పుడే అమ్మ మా అమ్మమ్మగారిల్లు ఎత్తింది. గుడివాడ దగ్గర ఊరు, మండువా లోగిలి. ఊరి చివర పల్లెలోంచి వచ్చే ముగ్గురు పాలేర్లు. దొడ్డిగుమ్మం దాటి లోపలికి రారు. అన్నం విస్తట్లో పైనుంచి వడ్డించడమే. నాకూ గుర్తుంది. పాలేరు బానిస కాడు. అతన్నెవరూ అమ్మలేదు, ఏడాది తిరగ్గానే మరో ఇంటికి మారొచ్చు. మారొచ్చు అని నేనంటున్నానుగానీ, అప్పున్నవాడు ఎక్కడికి పోతాడు? రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పు. కానీ తిరిగే తలుపు చూడగానే అమ్మకి అర్థమైందంటే, ఆవిడ అలాంటి తలుపు ఇవతల పుట్టింది కాబట్టే.

నేను ఈ దేశపు పౌరుణ్ణయింది 2018లో. 1963 నుంచీ ఏటా జూలై 4న మాంటిచెల్లో పడమటి లాన్‌లో పౌరసత్వ ప్రమాణం చేయిస్తారు. నాకు అక్కడికే పిలుపొచ్చింది. సూటు, ఎండ, బ్యాండు, చేతిలో చిన్న జెండా. నాణెం మీద ఉన్న వైపు అదే. నిలబడి కుడిచెయ్యెత్తి ప్రమాణం చేస్తుంటే గొంతు పూడుకుపోయింది, అబద్ధమెందుకు. కళ్ళు మాత్రం గుమ్మటం మీంచి పక్క మిద్దె మీదికి, దానికింద వంటింటి వైపుకీ పోతున్నాయి.

అయ్యాక ఆ మిద్దె కిందికే వెళ్ళాం. మూడువారాల ముందే అక్కడ శాలీ హెమింగ్స్ గది తెరిచారు. జేమ్స్‌కి చెల్లెలు. పద్నాలుగేళ్ళ వయసులో జెఫర్సన్ కూతురికి తోడుగా పారిస్ వెళ్ళింది. తన పిల్లలకి ఇరవయ్యొకటో ఏట విడుదల ఇస్తానని మాట తీసుకున్నాకే తిరిగొచ్చిందని కొడుకు మాడిసన్ 1873లో చెప్పాడు. ఆ పిల్లల తండ్రి జెఫర్సనే అన్న మాటని నూరేళ్ళకి పైగా చాలామంది చరిత్రకారులు కొట్టిపారేశారు. 1998లో డి.ఎన్.ఏ. పరీక్ష వచ్చాక, ఆ ఇంటిని నడిపే సంస్థ కూడా ఒప్పుకుంది. ఆవిడ బొమ్మ ఒక్కటీ లేదు. గదిలో ఒక ఆడమనిషి గౌను నీడ మాత్రం పెట్టారు.

దిగి కారు దగ్గరికొస్తే, పార్కింగ్ స్థలం పక్కన చెట్లకింద కంచె. లోపల నలభై పైగా సమాధులు, బానిసలవి. పేరు చెక్కిన రాయి ఒక్కటి లేదు. 2003లో మేం పులిహోర తిన్నది ఆ చుట్టుపక్కలే.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ఇండియాలో తెల్లవారింది.

"ప్రమాణం అయిందా? ఈసారి వంటిల్లు చూశావా?" అంది.

చూశానన్నాను. తర్వాత అడిగాను, అమ్మమ్మగారింట్లో ఆ ముసలి పాలేరు పేరేమిటని. నన్ను భుజాలమీద ఎక్కించుకుని కళ్ళానికి తీసుకెళ్ళినవాడు.

"పెద్ద పాలేరనే కదురా పిలిచేవాళ్ళం," అంది. కాస్సేపు ఆగి, "మీ తాత పద్దుల్లో కూడా పె.పా. అనే రాసేవారు, బస్తాల లెక్క. మీ మావయ్యకి తెలుసేమో అడుగుతానుండు."

వారం తర్వాత మావయ్యని నేనే అడిగాను. ఆయనకీ గుర్తులేదు.