మోంట్‌గోమరీ నడిచిన 381 రోజులు

ఎనిమిదో తరగతి పిల్లలకు ఒకసారి రోజా పార్క్స్ పాఠం చెప్పాను. ఆమె పని చేసి అలసిపోయి బస్సులో కూర్చుంది, తెల్లాయన కోసం సీటు వదలమంటే వదల్లేదు, అరెస్టు చేశారు, మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమం నడిపారు, నల్లజాతివాళ్లు గెలిచారు. నాలుగు ముక్కల్లో పాఠం అయిపోయింది. వెనక వరుసలోంచి ఒకమ్మాయి లేచి, "సార్, బస్సెక్కడం మానేస్తే మరి వాళ్లు పనికెట్లా పోయారు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. సంతకూ ఆసుపత్రికీ నడిచి వెళ్లే ఇంటి పిల్ల కాబట్టే ఆమెకు ఆ ప్రశ్న తట్టింది. జవాబు కోసం చదివాక, నేను ఆ పాఠాన్ని ఎంత కత్తిరించి చెప్పానో తెలిసింది.

మోంట్‌గోమరీ అమెరికాలోని అలబామా రాష్ట్రానికి రాజధాని. అక్కడి సిటీ బస్సుల్లో ముందువైపు 10 సీట్లు తెల్లవాళ్లవి. అవి ఖాళీగా ఉన్నా నల్లవాళ్లు కూర్చోకూడదు. అవి నిండాక మరో తెల్ల ప్రయాణికుడు ఎక్కితే, ఆ వెనక వరుసలోని నల్లవాళ్లందరూ లేవాలి. చాలాసార్లు ముందు తలుపు దగ్గర డబ్బులు కట్టి, కిందికి దిగి, వెనక తలుపులోంచి ఎక్కాలి. అంతలోనే డ్రైవరు బస్సు నడుపుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇంతాచేసి ఆ బస్సులు ఎక్కేవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. కంపెనీ బతికేది వాళ్ల పైసలతోనే. వేరుగా ఉంచినా సమానంగా చూస్తే చాలునని 1896లో రైలు పెట్టెల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పద్ధతికి అండ.

ఈ అవమానాన్ని లెక్కపెడుతూ వచ్చినవాళ్లు ఆడవాళ్లు. జో ఆన్ రాబిన్సన్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేది. 1949లో దాదాపు ఖాళీగా ఉన్న బస్సులో ముందువైపు కూర్చున్నందుకు డ్రైవరు మీదికొచ్చి అరిస్తే ఏడుస్తూ దిగిపోయింది. తర్వాత ఆమె మహిళా రాజకీయ మండలికి అధ్యక్షురాలైంది. 1954 మే నెలలోనే, పద్ధతి మార్చకపోతే బస్సుల బహిష్కరణ తప్పదని మేయరుకు ఉత్తరం రాసింది. అప్పటికి రోజా పార్క్స్ అరెస్టుకు ఏడాదిన్నర సమయం ఉంది.

రోజా పార్క్స్ కన్నా ముందే, 1955 మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల బడిపిల్ల సీటు వదలనంది. పోలీసులు ఆమెను లాక్కెళ్లి అరెస్టు చేశారు. చిన్నపిల్ల, పేదింటి పిల్ల, తర్వాత పెళ్లికాకుండానే గర్భవతి కూడా అయింది. అలాంటి పిల్లను ముందు నిలబెడితే ఉద్యమానికి చెడ్డపేరు వస్తుందని పెద్దలు వెనకాడారు. గెలిచిన ఉద్యమంలో కూడా ఇలాంటి లెక్కలు ఉంటాయి. ఆ సంగతి పిల్లలకు దాచకూడదు.

డిసెంబరు 1న అరెస్టయిన రోజా పార్క్స్ వయసు 42. పెద్ద దుకాణంలో దర్జీ పని చేసేది. అంతకుమించి, నల్లజాతి హక్కుల సంఘానికి ఆ ఊళ్లో ఎన్నో ఏళ్లుగా కార్యదర్శి. ఒంటి అలసటతో తాను కూర్చుండిపోలేదని తర్వాత ఆమే చెప్పింది. ఆ రాత్రి రాబిన్సన్ ఒక సహోద్యోగినీ ఇద్దరు విద్యార్థులనూ వెంటబెట్టుకుని కాలేజీలో తెల్లవార్లూ వేల కరపత్రాలు అచ్చుతీసింది. సోమవారం, డిసెంబరు 5న, బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. ఆ సాయంత్రం చర్చిలో జరిగిన సభలో బహిష్కరణ కొనసాగించాలని జనమే తేల్చారు. కొత్త సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికైన కింగ్ వయసు అప్పటికి 26.

మొదట వాళ్లు అడిగింది చాలా కొంచెం: మర్యాదగా మాట్లాడాలి, ముందు ఎక్కినవాళ్లకు సీటు దక్కాలి, నల్లవాళ్లు ఎక్కువగా తిరిగే దారుల్లో నల్ల డ్రైవర్లను పెట్టాలి. నల్లవాళ్లు వెనకనుంచీ, తెల్లవాళ్లు ముందునుంచీ కూర్చోవడానికి కూడా ఒప్పుకున్నారు. అధికారులు దానికీ కాదన్నారు. అప్పుడు పోరాటం వేరు సీట్ల చట్టం మీదికే మళ్లింది.

ఇక ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు. మొదట నల్ల టాక్సీవాళ్లు బస్సు చార్జీకే, 10 సెంట్లకే, జనాన్ని ఎక్కించుకున్నారు. 45 సెంట్లకు తక్కువ తీసుకుంటే చట్టవిరుద్ధమని అధికారులు దాన్ని ఆపారు. దాంతో సుమారు 300 సొంత కార్లను కూడగట్టారు. ఏ కారు ఎక్కడ ఆగాలో, ఎవరిని ఎక్కించుకోవాలో పట్టీలు రాసుకున్నారు. చర్చిల పేర బండ్లు కొన్నారు. కార్లు చాలనిచోట నడిచారు. ఇళ్లల్లో వంటలు చేసే, బట్టలుతికే ఆడవాళ్లు తెల్లవారకముందే బయల్దేరేవారు. పనిమనిషి రాకపోతే ఇల్లు గడవదని కొందరు తెల్ల యజమానురాళ్లే కార్లలో తెచ్చుకున్నారు. మేయరుకు అది కోపం తెప్పించింది.

పెట్రోలుకు డబ్బు కావాలి కదా. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ తోటి ఆడవాళ్లతో కలిసి భోజనాలు, కేకులు చేసి అమ్మి ఆ డబ్బు సభల్లో ఇచ్చేది. కింగ్ మీద పెట్టిన కేసులో సాక్ష్యం చెప్పినందుకు ఆమె పని పోయింది. ఆమె తన గుంపుకు 'ఎక్కడిదీ కాని క్లబ్బు' అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఇచ్చినవాళ్ల పేర్లు బయటపడితే వాళ్ల పనులూ పోతాయని ఆ జాగ్రత్త.

1956 జనవరి 30న కింగ్ ఇంటిమీద బాంబు పడింది. ఫిబ్రవరిలో 80 మందికి పైగా నాయకుల మీద కేసులు పెట్టారు. కార్ల బీమాలు రద్దు చేయించారు. నడక ఆగలేదు.

కోర్టులో గెలిచిన కేసు రోజా పార్క్స్‌ది కాదు. న్యాయవాది ఫ్రెడ్ గ్రే వేసిన ఆ కేసులో చివరిదాకా నిలిచినవాళ్లు నలుగురు ఆడవాళ్లు: ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డోనాల్డ్, మేరీ లూయీస్ స్మిత్, క్లాడెట్ కాల్విన్. పెద్దలు పక్కన పెట్టిన ఆ పిల్లే సాక్షిగా బోనెక్కింది. నవంబరు 13న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ఉత్తర్వు చేతికందాక, డిసెంబరు 21న, 381 రోజుల తర్వాత వాళ్లు మళ్లీ బస్సెక్కారు. ఆ తర్వాత కూడా బస్సుల మీద కాల్పులు జరిగాయి. పని పోయిన రోజా పార్క్స్ 1957లో ఊరే విడిచి వెళ్లాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది అదే పాఠం వచ్చినప్పుడు కింగ్ పేరు చివర్లో చెప్పాను. ముందు కార్ల పట్టీ గురించి, గిల్మోర్ వంట గురించి చెప్పాను. తర్వాత పిల్లలకు ఒక పని అప్పగించాను. మన ఊళ్లో భూమికోసమో అడవికోసమో పోరాటం జరిగిన రోజుల్లో జావ కాచి పంపిందెవరు, కబురు మోసిందెవరు, పోలీసులొస్తే పిల్లల్ని దాచిందెవరు అని ఇంట్లో అవ్వల్ని అడిగి రాసుకు రమ్మన్నాను. ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయ మిత్రులు కూడా ఆ పని చేయించండి. అవ్వలు ఉండగానే చేయించండి.