బహుమతి ప్రశ్నలు

వ్యాసరచన పోటీ అనగానే ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక శీర్షిక వ్రాయును. దానిపై ఎన్ని పుటలు నింపగలమా అని విద్యార్థులు ఆలోచింతురు. ఆ శీర్షికలోని ఒక్కొక్క మాట జవాబును ఏ దారికి త్రిప్పుచున్నదో గమనించువారు తక్కువ. 1968లో జెనీవాలో నెలకొన్న అంతర్జాతీయ బాకలారియేట్ సంస్థ తన విద్యార్థులచే ఈ గమనిక తప్పనిసరిగా చేయించుచున్నది. ఆ సంస్థ పాఠ్యక్రమములో జ్ఞానసిద్ధాంతము అను అంశము కలదు. ఒక సంగతి మనకు తెలిసినదని ఎప్పుడు చెప్పవచ్చును, గణితములోని నిశ్చయము చరిత్రలో దొరకునా, ఇట్టి చర్చలకు అది చోటు. ప్రతి పరీక్షకు ఆరు శీర్షికలు ప్రకటింతురు. విద్యార్థి వానిలో ఒకదానిని అక్షరము మార్చక గ్రహించి 1600 మాటలు మించకుండ వ్యాసము వ్రాయవలయును. ఏది గ్రహించుట? సులభముగా కనిపించినదా, గంభీరముగా వినిపించినదా?

ఈ చిక్కు నేటిది కాదు. 18వ శతాబ్దిలో ఐరోపాఖండపు అకాడమీలు ఏదో ఒక ప్రశ్నను ప్రకటించి, మంచి సమాధానమునకు పతకమో ధనమో ఇచ్చుచుండెను. వ్యాసముపై రచయిత పేరు ఉండరాదు. ఒక సూక్తిని మాత్రము వ్రాసి, అదే సూక్తి గల వేరొక మూసిన కవరులో పేరు పంపవలయును. పరీక్షలో సంఖ్య వేసి పేరు దాచు నేటి పద్ధతికి ఇది అన్నగారు.

ఫ్రాన్సులోని దిజోన్ నగరపు అకాడమీ 1749లో ఇట్లడిగెను: శాస్త్రములు, కళలు తిరిగి తల ఎత్తుట జనుల నీతిని శుద్ధిచేయుటకు తోడ్పడెనా? అవునను జవాబును కోరుచున్నట్లే ప్రశ్న వినిపించును. జాఁ జాక్ రూసో అను రచయిత మొదటనే ఆ ప్రశ్నకు ఒక మాట చేర్చెను. శుద్ధిచేసెనా, లేక చెరచెనా అని అడిగి, చెరచెననియే వాదించెను. 1750లో బహుమతి ఆయనకే వచ్చినది. అకాడమీ ఆశించిన దారిని విడిచినవానికే అకాడమీ బహుమతి ఇచ్చుట దాని గొప్పతనము. శీర్షికను మార్చు స్వాతంత్ర్యము రూసోకు ఉండెను. నేటి విద్యార్థికి లేదు. కాని అందులో ముడుచుకొనియున్న రెండవ వైపును విప్పిచూపుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

బెర్లిన్ అకాడమీ 1763 సంవత్సరపు బహుమతికి పెట్టిన ప్రశ్న జ్ఞానసిద్ధాంతపు పరీక్షలో నేడు కనిపించినను ఎవరును ఆశ్చర్యపడరు. తత్త్వశాస్త్ర సత్యములకు, ముఖ్యముగా దైవమును నీతిని గూర్చిన మూలసూత్రములకు, గణిత సత్యములకు ఉన్నంత స్పష్టప్రమాణము ఉండగలదా అనునది ప్రశ్న. బహుమతి మోసెస్ మెండెల్‌సోన్‌కు వచ్చెను. రెండవ స్థానము కోనిగ్స్‌బర్గ్ నగరపు ఉపాధ్యాయుడు ఇమ్మానుయేల్ కాంట్‌ది. అవునని గాని కాదని గాని ఊరకుండక, ఇద్దరును ప్రశ్నలోని ఒక్క మాటను పట్టుకొని కూర్చుండిరి. స్పష్టప్రమాణము అనగా ఏమి? మెండెల్‌సోన్ దానిని రెండుగా చీల్చెను. నిశ్చయము ఒకటి, సులభముగా బోధపడుట మరియొకటి. తత్త్వశాస్త్రమునకు మొదటిది గణితమంతటిదే కలదు, రెండవది లేదు అని ఆయన తీర్పు.

కాంట్ ఇంకను లోతునకు దిగెను. గణితజ్ఞుడు నిర్వచనముతో మొదలుపెట్టును. ఒక బిందువునుండి సమదూరమున ఉన్న బిందువుల సమూహము వృత్తమని చెప్పినప్పుడు ఆ భావనను తానే నిర్మించుకొనుచున్నాడు. తత్త్వజ్ఞుని సంగతి అట్లు కాదు. కాలము, స్వేచ్ఛ మొదలగు భావనలు అప్పటికే జనుల వాడుకలో కలగాపులగముగా ఉన్నవి. వానిని విడదీయగా విడదీయగా, నిర్వచనము చివర దొరకిన దొరకును. విద్యార్థుల వ్యాసములలో నూటికి తొంబది నిఘంటువు అర్థముతో ఆరంభమగునని ఉపాధ్యాయులు నవ్వుకొందురు. కాంట్ మాట వినిన ఆ అర్థము చివరి పుటకు జరిగిపోవును. అకాడమీ రెండు వ్యాసములను 1764లో కలిపి అచ్చువేయించెను.

అదే అకాడమీ 1780 బహుమతికి పెట్టిన ప్రశ్న రాజైన రెండవ ఫ్రెడరిక్ కోరికపై వచ్చినది. ప్రజలను మోసగించుట ప్రజలకే మేలా అని ప్రశ్న. మేలన్నవానికి సగము, కాదన్నవానికి సగము బహుమతి పంచిపెట్టిరి. రాజుగారు అడిగిన ప్రశ్నకు తీర్పరులు చెప్పుకొన్న జవాబు అంతే!

శాస్త్రరంగమున అన్నిటికంటె ఫలించిన ప్రశ్న పారిస్‌ది. 1817లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ కాంతి వివర్తనముపై పోటీ ప్రకటించెను. వస్తువుల అంచులను ఒరసికొనిపోవు కాంతికిరణములు చూపు ప్రభావములన్నిటిని సునిశితమైన ప్రయోగములచే నిర్ణయించి, ఆ కిరణముల గమనమును గణితముచే తేల్చవలయునని కోరెను. గమనింపుడు: ప్రశ్నలో కిరణములే కలవు, తరంగముల ఊసు లేదు. కాంతి సూక్ష్మకణముల ప్రవాహమను న్యూటన్ పక్షమునకే అకాడమీలో నాడు బలము. తీర్పరులు అయిదుగురిలో లాప్లాస్, బియో, పువాసోఁ ఆ పక్షమువారు. అరాగో తరంగవాదమునకు స్నేహితుడు. అయిదవవాడు గేలుసాక్.

వచ్చిన వ్యాసములు రెండే. వానిలో ఒకటి రోడ్లు వంతెనల శాఖలోని ముప్పది ఏండ్ల ఇంజనీరు ఆగస్తేఁ ఫ్రెనెల్‌ది. కాంతి తరంగమే అనియు, తరంగాగ్రముపై ప్రతి బిందువునుండి చిన్న తరంగములు బయలుదేరి ఒకదానితో ఒకటి కలిసి బలపడుననియు, కొన్నిచోట్ల ఒకదానినొకటి హరించుకొనుననియు ఆయన లెక్కగట్టెను. అంచుల నీడలలో కనిపించు చారల స్థానములను ముందుగా గణించి, కొలిచి చూపెను.

పువాసోఁ ఆ గణితమును పరిశీలించి, దానినుండి ఒక వింత ఫలితమును రాబట్టెను. గుండ్రని చిన్న బిళ్ళను కాంతికి అడ్డముగా పెట్టినచో, దాని నీడ నడిమధ్యన వెలుగుచుక్క ఉండవలయును. అదియు బిళ్ళ అడ్డము లేనప్పటి వెలుగంత ఉండవలయును. కారణము కష్టమైనది కాదు. బిళ్ళ అంచుమీది బిందువులన్నియు నీడ కేంద్రమునకు సమదూరమున ఉన్నవి. అచ్చటినుండి బయలుదేరిన తరంగములు ఒకే అడుగుతో నడిచి కేంద్రమును చేరి బలపడును. నీడ నడుమ దీపము వెలుగుట ఎవరి నమ్మకమునకు అందును? అరాగో ఊరకుండక, 2 మిల్లీమీటర్ల వ్యాసము గల లోహపు బిళ్ళతో ప్రయోగము చేసెను. చుక్క కనిపించినది. 1819లో బహుమతి ఫ్రెనెల్‌కు లభించెను. విచిత్రమేమనగా, నూరేండ్లకు ముందే ఫ్రాన్సులో దెలీల్, మరాల్డీ అనువారు ఆ చుక్కను చూచియుండిరి. అడుగవలసిన ప్రశ్న అప్పటికి పుట్టలేదు గనుక, చూచినది చూచినట్లే మరుగుపడెను.

ఈ ప్రయోగమును నేడు ఉన్నతపాఠశాలలో చేయవచ్చును. సైకిలు చక్రపు ఇరుసులోని ఉక్కు గుండును అయస్కాంతము తగిలించిన సూదిమొనపై నిలిపి, చిన్న కటకముచే విప్పారజేసిన లేజరు వెలుగులో ఉంచి, చీకటి గదిలో కొన్ని మీటర్ల దూరమున నీడను తెరపై పట్టవలయును. వెలుగును సూటిగా కంటితో మాత్రము చూడరాదు.

పారిస్ ప్రశ్నలోని భాష ఒక పక్షపుదే. అయినను అది మేలే చేసెను. ఏమి నమ్ముచున్నారని అడుగక, కొలిచి లెక్కవేసి చూపుడని అడిగినందున, వ్యతిరేకపక్షమునకు తలుపు తెరచియే యున్నది.

నలువది ఏండ్ల తరువాత అదే అకాడమీ అంత జాగ్రత్త చూపలేదనుటకు ఆధారము కలదు. 1860లో, “స్వయంభవములు అనబడు” జీవోత్పత్తులపై చక్కని ప్రయోగములచే కొత్త వెలుగు ప్రసరింపజేయవలయునని కోరి, 2500 ఫ్రాంకుల బహుమతి ప్రకటించెను. “అనబడు” అను చిన్నమాటలోనే తీర్పు తొంగిచూచుచున్నది. హంసమెడ వంటి వంకర గొట్టముల కుప్పెలతో లూయీ పాస్తర్ 1862లో బహుమతి పొందెను. ఎదిరిపక్షపు పూషే పోటీనుండి తప్పుకొనెను. పాస్తర్ నిర్ణయము సరియైనదే. కాని పూషే వాడిన ఎండుగడ్డి కషాయములో కాచిన తరువాతకూడ జీవులు ఏల పుట్టినవి? పాస్తర్ వాడిన ఈస్టునీటిలో అట్లు పుట్టలేదు గనుక ఆ ప్రశ్న మూలపడెను. గడ్డిలోని కొన్ని బాక్టీరియాల బీజములు మరిగించినను చావవని 1876లో కోన్, 1877లో టిండల్ తేల్చువరకు దానికి జవాబు లేదు.

బాకలారియేట్ విద్యార్థి ఆరు శీర్షికలను ముందు పెట్టుకొని చూడదగినది ఇట్టి చిన్నమాటలనే. “ఎల్లప్పుడు”, “మాత్రమే”, “ఎంతవరకు” అనునవి పెద్ద నామవాచకముల కంటె ఎక్కువ బరువు మోయుచుండును. కాదనువాడు ఏ ఉదాహరణము తెచ్చునో తోచని శీర్షికను, అది ఎంత ఇంపుగానున్నను, వదలివేయుట మంచిది. ఉపాధ్యాయుడు తానే ప్రశ్న తయారుచేయు తరగతిలోనైనను ఇదే పరీక్ష.

పోటీ లేని ప్రశ్నకు కూడ గొప్ప జవాబు వచ్చిన సందర్భము ఒకటి కలదు. బెర్లిన్ మాసపత్రికలో 1783 డిసెంబరున త్సోల్నర్ అను మతాచార్యుడు వివాహవిధిని గూర్చి వ్రాయుచు, ఒక పుట అడుగున, “జ్ఞానోదయము అనగా ఏమి?” అను ప్రశ్నకు ఎవరును ఇంకను జవాబు చెప్పలేదే అని అధఃసూచిక వ్రాసెను. మరుసటి ఏడు అదే పత్రికలో ఇద్దరు జవాబు వ్రాసిరి: మొదట మెండెల్‌సోన్, తరువాత కాంట్. మెండెల్‌సోన్ వ్యాసము తనకు ఇంకను అందలేదని, అందియున్నచో తన వ్యాసమును అచ్చుకు పంపక నిలుపుకొనెడివాడనని కాంట్ తన చివరిపుట అధఃసూచికలో వ్రాసికొనెను.